పండుగకు ముందటి మామిడికాయ

కరుణశ్రీకి ప్రభుత్వ ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున ఇనుప గనుల ఊరు కిరందుల్ రైల్వే క్వార్టర్లలో మిఠాయిలు పంచారు. పోస్టింగు ఎక్కడో తెలిసిన రోజున మాత్రం ఎవరికీ నోరు పెగల్లేదు. పక్కనున్న బీజాపూర్ అడవి జిల్లా, ఉసూర్ బ్లాకు, ఆవపల్లి నుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి గుండ్లవాగు అనే చిన్న ఊరు. రోడ్డు సగం దూరమే. మిగతా సగం సైకిలు మీద, వాగు నిండితే చెప్పులు చేత పట్టుకుని. పదిహేనేళ్ళు మూతబడి ఉండి, కొత్తగా రేకుల షెడ్డులో మళ్ళీ తెరిచిన బడి. ఆడపిల్లను అక్కడికెలా పంపుతావయ్యా అని ఇరుగుపొరుగు తండ్రి యేసుపాదాన్ని నిలదీశారు. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి, ముప్పై రెండేళ్ళు కొండల్లో రైలు పట్టాల వెంట సుత్తి భుజాన వేసుకుని నడిచినవాడు.

"నాను ఈ అడివిలోకొచ్చినప్పుడు నాకేటి తెలుసు?" అన్నాడాయన. "ఎల్లమ్మా. మనుసులున్న సోటికే కదా ఎల్తున్నావు."

బ్లాకు ఆఫీసులో చేరిక కాగితం మీద ముద్ర గుద్దిన పెద్దమనిషి ఇంకో రకంగా ధైర్యం చెప్పాడు. ఆ ఊళ్ళో దోర్లా ఆదివాసులు ఉంటారనీ, వాళ్ళ మాట తెలుగుకు దగ్గరగా ఉంటుందనీ, ఆమెకు తెలుగు వచ్చు కాబట్టి ఢోకా లేదనీ అన్నాడు. "కాకపోతే పిల్లలకు సిగ్గెక్కువ మేడం. నోట్లో నాలుక ఉండదు. పెద్దగా ఆశలు పెట్టుకోకండి" అని ముక్తాయించాడు. ఆయన ఆ ఊరికి ఒక్కసారైనా వెళ్ళాడా అంటే లేదు. వెళ్ళని ఊరి పిల్లల సంగతి అంత కచ్చితంగా చెప్పేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు.

మొదటి మూడు నెలలూ ఆ పెద్దమనిషి మాటే నిజమేమో అనిపించింది ఆమెకు. పుస్తకం హిందీలో ఉంటుంది. ఆమె తెలుగులో విడమర్చి చెబుతుంది. పిల్లలు దోర్లీలో గుసగుసలాడుకుంటారు. గోడ పక్కన కూర్చునే ఇద్దరు ముగ్గురు గోండీలో మాట్లాడుకుంటారు. ఇన్ని భాషలున్న గదిలో ఆమె ఒక్క ప్రశ్న అడిగితే చాలు, అన్నీ ఒక్కసారిగా మాయమైపోయేవి. పందొమ్మిది తలలు కిందికి వాలేవి. ఇరవయ్యో తల సోమిది. అది అందరికంటే కిందికి ఉండేది.

గుట్టు విప్పింది వంటమనిషి పోలమ్మ. అదే ఊరి మనిషి, బడిలో మధ్యాహ్నం అన్నం వండేది. ఒకరోజు పప్పు కడుగుతూ నవ్వింది. "నువ్వు ఒక్క పిల్లని లేపి అడిగితే అదెట్ల జెప్తది మేడం? పక్క పిల్లకు రాకపాయె. అది తలొంచుకున్నంక నాకొచ్చని జెప్తే, పక్కదాని మొహం ఏంగావాలె?"

తెలిసిన జవాబును మింగేసి కూర్చోవడం ఆ ఊరి మర్యాద. ఆమె చదివిన చదువులో ఆ మర్యాదకు వెనకబాటు అని పేరుంది. కరుణశ్రీ ఆ రోజు నుంచి ఒక్కరిని లేపడం మానేసింది. నలుగురేసి పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, నలుగురూ కలిసి మాట్లాడుకుని ఎవరో ఒకరు చెప్పండి అంది. వారం తిరిగేసరికి షెడ్డు రేకులు అదిరేలా చెప్పసాగారు. ఇప్పపూల రోజుల్లో పిల్లలు తెల్లారకముందే చెట్ల కిందికి పోతారని తెలుసుకుని గంట ఆలస్యంగా కొట్టించింది. పిల్లలు అరచేతుల్లో ఇప్పపూల తీపి వాసనతో వచ్చి పలకలు పట్టుకునేవాళ్ళు. ఆ వాసన అంటిన పుస్తకాలు ఆమె దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

సోమికి ఎనిమిదేళ్ళుంటాయి. ఎప్పుడు పుట్టిందని తల్లి నందేని అడిగితే "పెద్దవాన వచ్చిన ఏడు" అంది. పెద్దవాన రాని ఏడు అక్కడ ఏదో ఎవరైనా చెబితే బాగుండును. మూడేళ్ళ తమ్ముడు లచ్చుని చంకనేసుకుని బడికొచ్చేది. వాడు మూల గోనెసంచి మీద నిద్రపోయేవాడు, లేస్తే అక్క పలక మీద ఉమ్మి చెరిపేవాడు. ఏడు నెలలు ఆ పిల్ల బడిలో ఒక్క మాట మాట్లాడలేదు.

ఒకరోజు ఇంట్లో ఎవరెవరున్నారో బొమ్మలు వేయమంది కరుణశ్రీ. సోమి తల్లిని వేసింది, తండ్రి బుధ్రాని వేసింది, లచ్చుని తలకాయ పెద్దదిగా వేసింది, మూలన ఒక కుండ వేసింది.

"ఇదేంటి సోమీ? నీళ్ళకుండా?"

సోమి తల అడ్డంగా ఊపింది. చాలాసేపటికి గొంతు పెగిలింది. "తాత."

"తాత చనిపోయారని మీ అమ్మ చెప్పిందే?"

"ఇంట్లనే ఉన్నడు" అంది సోమి, ఇంత చిన్న సంగతి మేడంకి తెలియదా అన్నట్టు చూస్తూ. "పెద్దలందరు గా కుండల ఉంటరు. ఏది వండినా ముందుగాల ఆల్లకే."

కరుణశ్రీ ఆ కుండను తీసేయమనలేదు. దాని కింద 'తాత' అని రాసి చూపించింది. సోమి రాసిన మొదటి మాట అదే. ఆ తరువాత ఆ పిల్ల నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు తరగతికంతటికీ తనే నోరు. మేడం చెప్పింది పిల్లలకు దోర్లీలో చెప్పేది, పిల్లల మాట మేడంకి చెప్పేది. సాయంత్రం మేడం ఆవపల్లిలో గదికి మళ్ళితే వాగు దాకా సైకిలు వెంట నడిచేది. "నా సోమి ఇవాళ హిందీ కథ చదివేసింది నాన్నా" అని ఫోను అందిన చోట ఆగి తండ్రికి చెప్పేది కరుణశ్రీ. 'నా సోమి' అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే గుర్తులేదు. గొప్ప ఆనందంలో మనం చేసే పొరపాట్లు అప్పుడు పొరపాట్లలా ఉండవు.

ఆమె ఆ ఊరు వచ్చి రెండో మార్చి అది. మొదటి ఏడు ఇప్పపూలు మొదలైన కొన్నాళ్ళకే పరీక్షల డ్యూటీ మీద వెళ్ళి ఏప్రిల్ ఆఖరు దాకా బీజాపూర్‌లోనే ఉండిపోయింది కాబట్టి మామిడి రోజుల్లో ఊరు ఎలా ఉంటుందో చూడలేదు. కిరందుల్ క్వార్టర్ పెరట్లో మామిడిచెట్టు కాసింది. యేసుపాదం సంచి నిండా లేతకాయలు కోసి, తెలిసినవాళ్ళ చేత బస్సులో ఆవపల్లికి పంపాడు. ఒకటో తరగతి హిందీ పాఠంలో 'ఆ' అక్షరం పక్కన 'ఆమ్' అని మామిడిపండు బొమ్మ ఉంటుంది. బొమ్మ చూపించడమెందుకు, కాయే చూపిద్దాం అనుకుంది ఆమె. ఉప్పు, కారం పొట్లం కట్టుకుని, చాకు పట్టుకుని ఉత్సాహంగా బయల్దేరింది.

ఆ రోజు లచ్చు రాలేదు. "తమ్మునికి జరం" అంది సోమి, హాజరు పిలుస్తున్నప్పుడు.

కరుణశ్రీ కాయలు కోసి, ముక్కలకు ఉప్పూకారం అద్ది, అందరి చేతుల్లో పెట్టింది. గది నిశ్శబ్దమైపోయింది. ఏడాది కిందట మాయమైన ఆ పాత నిశ్శబ్దమే మళ్ళీ వచ్చి కూర్చుంది. పిల్లలు గుప్పిళ్ళు మూశారు. తలలు వాలాయి. ఆమె తనే ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు చికిలించి నవ్వించబోయింది. ఒక్కరూ నవ్వలేదు. పోలమ్మ దూరంగా బోరింగు దగ్గర నీళ్ళు కొడుతోంది. ఆ చప్పుడొక్కటే వినిపిస్తోంది.

కొత్త వస్తువు, సిగ్గు పడుతున్నారు అనుకుంది కరుణశ్రీ. బ్లాకు ఆఫీసు పెద్దమనిషిని మనసులో ఎన్నిసార్లు తిట్టుకుందో, సరిగ్గా ఆయన మాటే ఆమె నెత్తిన కూర్చున్న క్షణం అది. వెళ్ళి సోమి పక్కన నేలమీద కూర్చుంది. భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"సోమీ, నువ్వు తింటే వీళ్ళందరూ తింటారు. నాకోసం. ఒక్క ముక్క."

కొట్టలేదు, కసరలేదు. అంత ముద్దుగా ఆ పిల్లను అడిగినవాళ్ళు ఎవరూ లేరు. సోమి మేడం మొహంలోకి చాలాసేపు చూసింది. తరువాత ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలి మింగింది.

"పుల్లగా ఉందా?" అని నవ్వింది కరుణశ్రీ.

సోమి తలూపింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక షెడ్డు వెనక మట్టి తవ్వినట్టు కనబడితే పోలమ్మ కాలితో కదిపి చూసింది. ఉప్పూకారం అద్దిన మామిడిముక్కలు, పూడ్చిపెట్టి ఉన్నాయి. కరుణశ్రీకి మనసు చివుక్కుమంది. ఇష్టం లేకపోతే చెప్పొచ్చుగా అంది.

"ఏంది మేడం, మామిడి పెట్టినవా?" పోలమ్మ చేతిలో బకెట్టు కింద పెట్టేసింది. "పండుగ గాలే ఇంక. పెద్దలకు, ఊరి తల్లికి కొత్త మామిడి పెట్టకముందు మేం నోట్ల పెట్టం. చెట్టు కింద రాలింది గూడ ఏ పిల్లా ముట్టది."

"మరి ఒక్కరైనా చెప్పలేదేం పోలమ్మా?"

"పెద్దదానివి, చేత్తోని పెట్టినవు. వద్దంటే నీ మొహం చిన్నబోదా? అందుకే దాచిండ్రు." అని ఆగి, "ఎవ్వరన్న తిన్నరా?" అంది.

కరుణశ్రీ వంగి ముక్కలు లెక్కపెట్టింది. మట్టిలో ఉన్నవి పందొమ్మిది ముక్కలు. బడికి దూరంగా మెలిగే పిల్లలందరికీ ఎలా తప్పుకోవాలో తెలుసు. బడిని తనదనుకున్న పిల్ల ఒక్కతే తప్పుకోలేకపోయింది.

"సోమి" అంది చివరికి.

"అయ్యో" అంది పోలమ్మ. కాసేపు ఆలోచించి, "ఇయ్యాల్నే పోయి కోస పెద్దకు చెప్దాం పా. తెల్వక జరిగింది. ఒక గుడ్డు పెట్టి, నాలుగు గింజలు చల్లితే అయిపోతది" అంది. కోస ఆ ఊరి పూజారి. పండుగలూ తప్పులూ అన్నీ ఆయన చేతిమీదుగానే తీరుతాయి.

అప్పుడే కరుణశ్రీ రెండో తప్పు చేసింది. మొదటిది తెలియక చేసింది. ఇది బాగా ఆలోచించి చేసింది. ఒక మామిడిముక్కకు ఇంత రాద్ధాంతమా అనుకుంది. ఊరంతా పోగై పిల్లను మధ్యలో నిలబెడతారేమో, పిల్ల భయపడుతుందేమో అనుకుంది. తనకు చెడ్డపేరు వస్తుందేమో అని కూడా అనుకుంది, కాకపోతే ఆ సంగతి తనకు తను గట్టిగా చెప్పుకోలేదు.

"చిన్నదాన్ని పెద్దది చేయొద్దు పోలమ్మా. ఎవరికీ చెప్పకు" అంది.

పోలమ్మ ఆమెను ఒకసారి చూసి బకెట్టు ఎత్తుకుంది.

లచ్చు జ్వరం తగ్గలేదు. ఊరి ఆరోగ్య కార్యకర్త మితానిన్ వేలు గుచ్చి చూస్తే పట్టీ మీద రెండు గీతలు వచ్చాయి. మలేరియా. మాత్రలు ఇచ్చారు, వాడు కక్కేశాడు. నాలుగో రోజున మంచానికి కర్ర కట్టి భుజాల మీద ఆవపల్లి దాకా మోశారు. అక్కడి నుంచి బండిలో బీజాపూర్ తీసుకుపోయారు. ఆరో రోజు పొద్దున్న వాణ్ణి అదే మంచం మీద వెనక్కి తెచ్చారు.

కరుణశ్రీ ఆ పూట ఊళ్ళోకి వెళ్ళింది. ఆడవాళ్ళ ఏడుపు మధ్య సోమి కనబడలేదు. ఎక్కడుందని అడిగే ధైర్యం చాలలేదు. మర్నాడు బడిలో గోనెసంచిని మడిచి బీరువా వెనక పెట్టింది, అది కళ్ళబడితే పాఠం సాగడం లేదని.

మూడో రోజున పోలమ్మ పొయ్యి ముట్టించకుండా వచ్చి ఎదురుగా నిలబడింది.

"పసిపిల్లగాడు పోతే మా దగ్గర అడుగుతరు మేడం, ఊళ్ళె ఏం తప్పు జరిగిందని. కోస పెద్ద ఇంక అడగనే లేదు. సోమి లేచి నిలబడ్డది. నేను మామిడి తిన్న అన్నది."

కరుణశ్రీ చేతిలో సుద్దముక్క కింద పెట్టింది.

"ఎవరు పెట్టిండ్రని అడిగిండ్రు. ఎవ్వరు పెట్టలే, చెట్టు కింద ఏరుకొని తిన్న అన్నది. నీ పేరు చెప్పలే. ఎన్నిసార్లు అడిగినా గదే మాట. మిగిలిన పిల్లలు గూడ తలొంచుకున్నరు, ఒక్కరు నోరిప్పలే." పోలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు చెప్పొద్దన్నవని నేను గూడ చెప్పలే. ఆ పిల్ల తిండి తినట్లే మేడం. లచ్చు పండుకునే తావుల కూసోని లేస్తలే."

పిల్లలకు అబద్ధం చెప్పకూడదని బడిలో రోజూ చెప్పేది కరుణశ్రీ. ఆ పిల్ల జీవితంలో ఆడిన మొదటి అబద్ధం ఆమెకోసమే.

ఆ సాయంత్రం ఆవపల్లిలో ఫోను అందగానే తండ్రికి అంతా చెప్పింది. ఇద్దరికీ పాతనాటి ఒక రోజే గుర్తొచ్చిందని ఆమెకు తెలుసు. గని టౌన్‌షిప్ బడిలో ఆమె మూడో తరగతి. సరస్వతీ పూజ నాడు మాస్టారు ప్రసాదం పంచుతుంటే, దేవుడి ముందు పెట్టింది మా ఇంట్లో తినరండీ అని చేతులు వెనక్కి పెట్టుకుంది. పొగరనుకున్నాడాయన. ఎండలో నిలబెట్టాడు. మర్నాడు యేసుపాదం డ్యూటీ బట్టల్లోనే వెళ్ళి, పిల్లకు తెలీదు బాబూ, క్షమించండి అని చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతుల్ని చూసిన రోజే, పెద్దయ్యాక తను టీచరైతే ఏ పిల్లకీ ఇలా జరగనివ్వనని ఒట్టు పెట్టుకుంది. జరగనిచ్చింది. పైగా ఎండలో నిలబెట్టి కాదు, ఒళ్ళో కూర్చోబెట్టుకున్నంత ప్రేమగా.

"ఆ మేష్టారు మనింటికొచ్చి ఒక్క మాట సెప్పుంటే బాగుణ్ణని నాకిప్పటికీ అనిపిస్తాదమ్మా" అన్నాడు యేసుపాదం. "నువ్వెల్లు. ఆళ్ళేటి సెయ్యమంటే అది సెయ్యి. దేవుడేటీ అనుకోడులే."

మర్నాడు ఆమె బడి గంట కొట్టకుండా తిన్నగా నందే ఇంటికి వెళ్ళింది. పోలమ్మ వెంట వచ్చింది. కోస పెద్ద వాకిట్లో మంచం మీద ఉన్నాడు. బుధ్రా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నందే చేతిలో చీపురు అలాగే ఉంది.

"సోమి ఏరుకోలేదు" అంది కరుణశ్రీ. "నేనే పెట్టాను. ఆ పిల్ల చూస్తూ కూర్చుంటే, నాకోసం తినమని నేనే బతిమాలాను. అప్పుడు నాకు తెలియదు. ఆ మధ్యాహ్నమే తెలిసింది. తెలిసి కూడా దాచాను. పోలమ్మ చెప్దామంది, వద్దన్నాను."

అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆమె ఒక్క మాట ఎక్కువ మాట్లాడింది. లచ్చు పోయింది మలేరియాతో అనీ, మామిడికీ దానికీ సంబంధం లేదనీ అంది.

నందే చీపురు కింద పడేసింది. "జరంతోనే పోయిండు. మాకు తెల్వదా? రెండు గీతలు నేను గూడ సూసిన. మంచం మోసినం, మందు తాపినం. జరం గురించి నీతోని పంచాయితీ లేదు మేడం." ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేది. "నా కొడుకు పోయిండు. ఇంక నా బిడ్డ, నేనే సంపిన అనుకుంట గోడకు మొహం పెట్టి కూసున్నది. గదానికి మందు నీ దగ్గర ఉండె. తొమ్మిది దినాల సంది ఉండె. నువ్వు ఊకున్నవు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో కరుణశ్రీకి ఆ వాకిట్లో తెలిసింది. కాలింది తన చేతులు కూడా కాదు. ఆమె ఏడ్చింది. అక్కడ ఏడ్చే హక్కు తనకు లేదని తెలిసి కూడా ఏడ్చింది.

కోస పెద్దే మాట కలిపాడు. తిన్నదానిది కాదు, తినబెట్టినదానిదే తప్పు, పిల్ల మీద ఏమీ లేదు అన్నాడు. ఆ మాట లోపల ఉన్న సోమికి వినబడాలని రెండుసార్లు గట్టిగా అన్నాడు. తినబెట్టినామె వచ్చి పెద్దల ముందు కూర్చుని, తనే తన చేత్తో కోడిని ఇచ్చి, తప్పు ఒప్పుకోవాలి. కూర్చుంటావా అని అడిగాడు.

కరుణశ్రీ కూర్చుంది. రెండు రోజుల తరువాత, మెడలో శిలువ గొలుసుతోనే, ఊరి తల్లి చెట్టు కింద అందరి ముందూ కూర్చుంది. కోడిని ఎలా పట్టుకోవాలో తెలియక అది చేతుల్లోంచి ఎగిరిపోతే ఆడవాళ్ళు నవ్వారు. నందే కూడా ఒక్క క్షణం నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోస గింజలు చల్లాడు, ఇప్పసారా నేలమీద ధారగా పోశాడు, చనిపోయిన పెద్దల పేర్లు చదివి, మనిషి తెలియనిది, మన్నించండి అన్నాడు. అంతే. ఇక తప్పు లేదు అన్నారు. వాళ్ళు తీరిందంటే తీరినట్టే. తీరిన తప్పును పదేళ్ళ తరువాత తవ్వితీసి మొహాన కొట్టే నాగరికత వాళ్ళకు ఇంకా పట్టుబడలేదు.

ఏప్రిల్‌లో మామిడిపండుగ వచ్చింది. కబురు పెట్టి మరీ పిలిచారు. పెద్దలకూ ఊరి తల్లికీ పెట్టాక నందే ఆకులో ముక్కలు తెచ్చి, ఒకటి తీసి కరుణశ్రీ చేతిలో పెట్టింది.

"ఇప్పుడు తిను" అంది. కన్నబిడ్డను మట్టిలో పెట్టి నెల తిరగని తల్లి ఆ మాట అనగలిగింది. కరుణశ్రీ ఆ ముక్క తిన్నది.

సోమి కూడా ఆ రోజు తిన్నది. పిల్లలతో ఆడింది. తిండి తింటోంది, తల్లి వెంట ఇప్పపూలకు వెళుతోంది, నవ్వుతోంది కూడా అని పోలమ్మ చెప్పింది. కానీ బడికి రాలేదు. పండుగ అయిన మర్నాడు వస్తుందని కరుణశ్రీ గుమ్మం వైపే చూస్తూ పాఠం చెప్పింది. వారం గడిచింది. ఇద్దరు పిల్లల చేత కబురు పంపింది. వాళ్ళు వెళ్ళొచ్చి తలలు వంచుకున్నారు. నందేని అడిగితే, "నేను వద్దనలే మేడం. పొమ్మనే అంటున్న. దాని ఇష్టం" అంది. అక్కడ ఎనిమిదేళ్ళ పిల్ల ఇష్టం కూడా ఇష్టమే. తల్లి చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోదు.

సెలవులకు ఇంకా నాలుగు రోజులున్నాయనగా కరుణశ్రీ మధ్యాహ్నం గంట కొట్టాక తనే వెళ్ళింది. సోమి పాకనీడన కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మేడంని చూసి లేచి, పరుగున వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. చాప వేసింది. కరుణశ్రీ చెప్పులు విప్పి చాప మీద కూర్చుని, తనూ ఒక చింతపండు తీసుకుని గింజలు ఒలవసాగింది. కాసేపు ఇద్దరూ ఆ పనే చేశారు.

"నామీద కోపంగా ఉందా సోమీ?"

సోమి ఆశ్చర్యంగా చూసింది. "లేదు."

"బడిలో అందరూ ఏమన్నా అంటారని భయమా?"

"ఎవ్వరేమనరు. కోస తాత చెప్పిండు గదా, అయిపోయిందని."

"చదువంటే ఇష్టం పోయిందా?"

సోమి తల అడ్డంగా ఊపింది. పాక లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టిన హిందీ పుస్తకం తెచ్చి చూపించింది. ఆమె చెప్పని పాఠాలు కూడా మూడు చదివేసింది. ఎక్కడెక్కడ అర్థం కాలేదో అక్కడ బొగ్గుముక్కతో గీత గీసి పెట్టుకుంది.

కరుణశ్రీ పుస్తకం మూసింది. "మరి ఎందుకు రావటం లేదమ్మా?"

సోమి చాలాసేపు పలకలేదు. ఏడు నెలలు మాట్లాడని పిల్ల మళ్ళీ అలా అయిపోతుందేమోనని కరుణశ్రీకి భయమేసింది. కానీ సోమి జవాబు మింగెయ్యలేదు. దానికి మాట కూర్చుకుంటోంది.

"గా దినం నాకు తెలుసు మేడం, తినొద్దని" అంది చివరికి. "అందరికి తెలుసు. ఆల్లు మట్టిల పెట్టిండ్రు. నేను గూడ పెడదామనుకున్న. నువ్వు నా పక్కన కూసోని, నాకోసం అన్నవు." చేతిలో గింజను అటూ ఇటూ తిప్పింది. "నువ్వు మంచిదానివి. నువ్వు మంచిగ అడుగుతవు. నువ్వడిగితే నాకు కాదనరాదు. మల్ల ఏదన్న అడుగుతవు. మల్ల చేస్త. గందుకే రాను."

వాకిట్లో కోడిపిల్లలు చింతపెంకుల్ని కెలుకుతున్నాయి. కరుణశ్రీ ఆ చిన్న మొహంలోకి చూసింది. కోపం లేదు, నింద లేదు. ఎప్పటి ప్రేమే ఉంది. బడికి రమ్మని ఇప్పుడు తను ఒక్క మాట అంటే చాలు, ఆ పిల్ల చింతపండు చేతుల్ని కడుక్కుని, పుస్తకం చంకన పెట్టుకుని, వెంట వచ్చేస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. సోమి ఆమె నోటి వంకే చూస్తూ ఆ మాట కోసం బిక్కచచ్చి ఎదురుచూస్తోంది.

కరుణశ్రీ అడగలేదు. పుస్తకంలో గీతలు గీసిన చోట్లన్నీ ఒక్కొక్కటే అర్థం చెప్పి, చెప్పులు వేసుకుని ఒక్కతే బడికి బయల్దేరింది.